నా వసంతం నవంబరులోనే

నన్ను చూడటానికి నవంబరులో ఎవరూ రారు. మార్చి నెలాఖరున శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద తోట గేటు తీశాక వస్తారు. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ పిల్లల పరీక్షలు కాకముందే విమానం టిక్కెట్లు కొని పెట్టుకుని మరీ వస్తారు. దాల్ సరస్సుకేసి మెట్లు మెట్లుగా దిగే దాదాపు 30 హెక్టార్ల రంగుల ముందు నిలబడి ఫోటోలు దిగి, కశ్మీరు వసంతమంటే ఇదీ అనుకుంటూ వెళ్లిపోతారు. నేను ట్యులిప్ గడ్డను. ఆ రంగులో నా వాటా ఉంది, కాదనను. అయితే ఆ మూడు నాలుగు వారాల్లో కొత్తగా తయారయ్యేది దాదాపు ఏమీ ఉండదు. ఎప్పుడో కట్టిన పువ్వు, ఎప్పుడో పట్టిన వేరు, ఎప్పుడో కూడబెట్టిన తీపి అప్పుడు బయటపడతాయి, అంతే. తోటమాలి పనితనం తెలియాలంటే మట్టి తవ్వే రోజున తోటకు రావాలని నా వాదన. పూలు చూసి మురిసేవాళ్లకు ఇది రుచించదని తెలుసు. కానీ నా సాక్ష్యం నా పొట్టలోనే ఉంది.

నన్ను నిలువుగా కోసి చూడండి. నా మీద దయ ఉంటే, నా పక్కనున్నదాన్ని కోయండి. పైన పలచటి గోధుమరంగు పొర. దాని కింద ఉల్లిపాయలో లాగే ఒకదాన్నొకటి చుట్టుకున్న తెల్లటి కండగల పొరలు, వాటి నిండా పిండిపదార్థం. అడుగున గట్టి బిళ్ల, అది వేళ్లు పుట్టే చోటు. అసలు సంగతి నడిమధ్యన ఉంది. తెలుపులో లేత పసుపు కలిసిన చిన్న మొలక, దాని కొసన పువ్వు. భూతద్దం పెడితే ఆరు రేకులు, ఆరు కేసరాలు, మధ్యన మూడు పలకల అండాశయం లెక్కపెట్టుకోవచ్చు. ఇంకా మట్టి తగలకముందే ఏప్రిల్ పువ్వు మొత్తం అక్కడ సిద్ధంగా ఉంది. అది కట్టింది పోయిన జూలై, ఆగస్టుల్లో. హాలండ్ ఇసుక నేలలో పుట్టిన నన్ను తవ్వి తీసి, ఆరబెట్టి, 17 నుంచి 20 డిగ్రీల వేడిలో అరల మీద పరిచి ఉంచిన రోజులవి. చూసేవాళ్లకు అప్పుడు నేను మూలన పడి ఉన్న సరుకును. నాకేమో ఏడాది మొత్తంలో అదే అతి ముఖ్యమైన పని.

ఈ అలవాటు మా పూర్వీకులు పెట్టింది. వాళ్లది తియాన్ షాన్, పామీర్ కొండల ప్రాంతం. అక్కడ వేసవి మాడ్చేస్తుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. తడీ వెచ్చదనమూ కలిసొచ్చేది కొద్ది వారాలే. అంత తక్కువ వ్యవధిలో పువ్వును మొదటి నుంచి తయారుచేసుకునే తీరిక ఉండదు. అందుకే మావాళ్లు ముందే చేసి పెట్టుకుని, అదను రాగానే పైకి తోసుకొచ్చే పద్ధతి పట్టారు. తుర్కుల తోటల మీదుగా ఐరోపా చేరాం. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయం తోటలో కరోలస్ క్లూసియస్ నాటిన గడ్డలు మరుసటి వసంతంలో పూశాయి. 1637 ఫిబ్రవరిలో కుప్పకూలిన ట్యులిప్ బేరాల కథ ప్రతివాళ్లూ చెబుతారు కాబట్టి నేను చెప్పను. ఆ బేరాలు జోరుగా సాగినప్పుడు గడ్డలు భూమిలోనే ఉన్నాయని, కొన్నవాడికి గానీ అమ్మినవాడికి గానీ పువ్వు కనబడలేదని మాత్రం గుర్తుచేస్తాను. కశ్మీరు మా కోసం హాలండ్ దాకా వెళ్లాల్సిన అవసరం ఒకప్పుడు లేదు. ఇక్కడివాళ్లు చెక్క ఇళ్ల పైకప్పుల మీద మట్టి పరిచి ట్యులిప్ గడ్డలు నాటుతారని, అవి ఏటా వసంతంలో పూస్తాయని జహాంగీరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వింత చూపించే సరదాతో రాసి ఉంటాడు గానీ, నా లెక్కలో అది మంచి వ్యవసాయం. పైకప్పు మట్టి వేసవిలో ఎండుతుంది, చలికాలమంతా మంచు కింద ఉంటుంది, నీరు నిలవనివ్వదు. మాకు కావలసినవి ఆ మూడే.

నేల మీది తోటలో ఆ మూడింటినీ మనిషి సమకూర్చాలి. ఆ పని జరిగేది శరత్తులో. కశ్మీరీలు హరుద్ అనే ఆ రోజుల్లో చినార్ ఆకులు రాగిరంగుకు తిరిగి రాలుతుంటే, వాటిని ఊడ్చి కాల్చి, ఆ బొగ్గుపొడిని చలికాలంలో వాడే కాంగడీ నిప్పుకుండల్లోకి దాచుకుంటారు. ఆ ఆకులు కుళ్లి మట్టిలో కలిస్తే నాకు మరింత బాగుంటుంది. అయితే ఒళ్లు వెచ్చబెట్టుకునేవాళ్లతో నేను వాదానికి దిగను. మడి తవ్వేవాడు మొదట చూడాల్సింది నీటి దారి. మంచు కరిగిన నీరు నా అడుగున నిలిస్తే ఆ బిళ్ల కుళ్లుతుంది, ఇక వేరు రాదు. తర్వాత గడ్డలను ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగబడి పుల్లటి వాసన వచ్చిందంటే బూజు లోపలికి దిగినట్టే. దాన్ని అవతల పారేయాలి. పైపొర మీది కొద్దిపాటి నీలిరంగు బూజుకు మాత్రం భయపడక్కర్లేదు. కిందటేడు ఆకులు కాలినట్టు మచ్చలు పడ్డ మడి ఉంటే అందులో రెండు మూడేళ్లు మమ్మల్ని నాటకూడదు. ఆ తెగులు విత్తులు మట్టిలోనే కాచుకుని ఉంటాయి. మొన పైకి ఉండేలా, నా ఎత్తుకు మూడింతల లోతున, అంటే 15 సెంటీమీటర్ల కింద నాటాలి. లోతు తగ్గితే మంచుకు నేల పొంగినప్పుడు పైకి తేలిపోతాను. ఒకసారి నాటాక కదపకూడదు. నా వేళ్లకు కొమ్మలుండవు, తెగితే మళ్లీ మొలవవు. దుక్కి కొద్దీ పంట అని మీ రైతులు అనే మాట నా విషయంలో అక్షరాలా నిజం. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఏప్రిల్‌లో దిద్దడానికి దారి లేదు.

నాటిన దగ్గర్నుంచి నేను పడుకున్నానని అందరూ అనుకుంటారు. డిసెంబరు 21న చిల్లై కలాన్ అనే గడ్డు చలికాలం మొదలై నలభై రోజులు నడుస్తుంది. నీటి గొట్టాలు గడ్డకడతాయి, మనుషులు ఇళ్లలో ముడుచుకుంటారు. ఆ నలభై రోజులూ నేను పనిలోనే ఉంటాను. చల్లబడిన నేలలో ముందు వేళ్లు దిగుతాయి. చలి తగిలేకొద్దీ నాలోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది. అవి గడ్డకట్టకుండా నన్ను కాపాడతాయి, రేపు కాడ సాగడానికి ఇంధనమూ అవుతాయి. కాడ పొడవుగా లేవాలంటే ఇలాంటి చలి 12 నుంచి 16 వారాలు తగలాలి, పది డిగ్రీలకు లోపే ఉండాలి. ఒకటి రెండు వారాలు తగ్గినా పువ్వు రావచ్చు గానీ, ఆకుల మధ్యనే ఇరుక్కుని కురచగా విచ్చుకుంటుంది. చలిని తట్టుకుని బతికానని నన్ను మెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్లకు నా సంగతి తెలియదు. చలి లేకపోతేనే నేను బతికినా లాభం లేదు.

అలాగైతే ఢిల్లీ శాంతిపథ్‌లో ఫిబ్రవరికే ట్యులిప్‌లు ఎలా పూస్తున్నాయి, అక్కడ మంచెక్కడిది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ నాటే గడ్డలు శీతల గదుల్లో వారాల తరబడి చలి తిన్నాకే వస్తాయి. చలికాలం అక్కడా తప్పలేదు, మడిలో కాకుండా గదిలో గడిచింది. హైదరాబాదు మిద్దెతోటల వాళ్లు ఆన్‌లైన్‌లో గడ్డలు తెప్పించి నేరుగా కుండీలో పెట్టి, ఆకులు వచ్చాయి గానీ పువ్వు రాలేదేమని వాపోతారు. అక్కడ డిసెంబరు రాత్రులు 15 డిగ్రీల చుట్టూ ఉంటాయి, పగలు మళ్లీ ఎండ. లంబసింగిలో సున్నా దాకా పడిపోయిన రాత్రులున్నాయనకండి. నాకు కావలసింది వారాల లెక్క, ఒక రాత్రి రికార్డు కాదు. ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచి నాటితే పూస్తాను. అయితే పక్కన ఆపిల్, అరటి పళ్లు పెట్టకూడదు. అవి పండుతూ వదిలే ఇథిలీన్ వాయువు నాలోపలి పువ్వును అక్కడే మాడ్చేస్తుంది. ఫ్రిజ్ నా వాదనను కొట్టేయలేదు. సెప్టెంబరులో గడ్డను లోపల పెట్టినవాడికే జనవరిలో పువ్వు.

ఇదంతా గడ్డల జాతి ముచ్చట, తోటంతటికీ చెల్లదనే మాట కూడా ఉంది. మాకంటే ముందే శ్రీనగర్ బాదంవారీ తోటలో పూసే బాదం చెట్లను చూడండి. వాటి మొగ్గలు కిందటేడు వేసవిలోనే మొదలయ్యాయి. కశ్మీరు ఆపిల్ చెట్లకు చాలా రకాల్లో ఏడు డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల మేర తగిలితే గానీ మొగ్గ సరిగా విచ్చుకోదు. మంచు ఎరగని మీ నూజివీడు మామిడికీ ఇదే సూత్రం. వానలు వెళ్లాక తోటకు నీళ్లు ఆపుతారు. చెట్టు ఎండపట్టు మీద ఉండగా రాత్రులు చల్లబడితే కొమ్మ చివర పూతకు తిరుగుతుంది. ఆ నెలల్లో పచ్చగా ఉండాలని నీళ్లు పెట్టినవాడికి చిగురు వస్తుంది, పూత రాదు. ఉగాదికి పచ్చడిలో వేసే కాయ పుట్టుక కార్తీకంలో నీళ్లు కట్టేసిన చేతి దగ్గర ఉంది.

నా వాదనను నిజంగా ఇబ్బంది పెట్టేది మరొకటి. నవంబరులో అంతా సవ్యంగా చేసినా వాతావరణం మోసం చేయవచ్చు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు మంచు లేక బోసిపోయాయి. మార్చిలో ఒక్కసారిగా ఎండ ముదిరితే నెల రోజులు నిలవాల్సిన పూలు సగం రోజుల్లోనే రాలిపోతాయి. దీనికి శరత్తు పూర్తి జవాబు చెప్పలేదని ఒప్పుకుంటాను. చెప్పగలిగినంత మాత్రం అక్టోబరులోనే చెప్పాలి. ముందు పూసేవి, నడుమ పూసేవి, ఆలస్యంగా పూసేవి కలిపి ఏ మెట్టు మీద ఏవి వేయాలో అప్పుడే తేల్చుకుంటే, ఒక విడత ఎండకు పోయినా ఇంకో విడత మిగులుతుంది. ఏప్రిల్‌లో ఎండ చూసి బెంబేలెత్తి నీళ్లు గుమ్మరించడం వల్ల ఒరిగేది తక్కువ.

మరి పూశాక పనే లేదా అంటే, ఉంది, దాన్ని కూడా వచ్చే శరత్తు ఖాతాలోనే రాయాలి. నేను ఒక్క వసంతమే పూస్తాను. పువ్వు లేచేసరికి నా పొరలన్నీ ఖర్చయిపోతాయి, మే నెలకు నేనంటూ మిగిలేది ఎండిన పైపొరే. నా పక్కన రెండో మూడో పిల్లగడ్డలు ఊరుతుంటాయి. అవి లావెక్కాలంటే వాడిన పువ్వు తలను తుంచేయాలి, లేకపోతే బలమంతా గింజకు పోతుంది. ఆకును మాత్రం తనంతట తాను పసుపుపచ్చగా పండేదాకా, ఇంచుమించు ఆరు వారాలు, ముట్టుకోకూడదు. చూడ్డానికి బాగోలేదని పచ్చి ఆకును కోసి చదును చేసే తోటలు చాలా ఉన్నాయి. అవి ప్రతి ఏడూ కొత్త గడ్డలు కొనుక్కోవాల్సిందే. ఆకును ఉంచినా ఎండలు తొందరపడితే పిల్లలు చాలినంత ఊరవు, అప్పుడు హాలండ్ నుంచి తెప్పించుకోక తప్పదు. జూన్‌లో తవ్వి చుట్టుకొలత చూసి వేరుచేస్తారు. 12 సెంటీమీటర్లు వచ్చినవి నవంబరులో తోట మడికి వెళ్తాయి. మరీ చిన్నవి ఒంటి ఆకు వేసి ఊరుకుంటాయి కాబట్టి, ఇంకో ఏడాదో రెండేళ్లో పెంపకపు మడిలో పెరగాలి.