పుట్టు వంకర

ముక్కు దూలం తిన్నగా ఉన్న మనుషులు తక్కువ. ఎంతో కొంత వంకర దాదాపు అందరికీ ఉంటుంది, చాలామంది ఆ సంగతి తెలియకుండానే జీవితం వెళ్ళదీస్తారు. మా మేనల్లుడికి మాత్రం ఆ వంకర ఏళ్ళ తరబడి కంటిమీద కునుకు లేకుండా చేసింది.

వాడికి హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఎడమ ముక్కు ఎప్పుడూ దిబ్బడే. రాత్రంతా నోటితో గాలి పీల్చి పీల్చి తెల్లారేసరికి గొంతు పిడచగట్టుకుపోయేది. పెళ్ళయిన కొత్తలో గురక భరించలేక కోడలు హాల్లో పడుకుందని తెలిసి ఇంటిల్లిపాదీ నవ్వారు. వాడు నవ్వలేదు. ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, నోరు తెరిచి గాలి పీల్చుకోవలసి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో నా ఒక్కడితోనే చెప్పుకున్నాడు. ముక్కు దిబ్బడ ప్రాణం తీసే జబ్బు కాదు గనక ఎవరూ జాలి పడరు. పడేవాడికే తెలుస్తుంది ఆ బాధ.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే చుక్కల మందు ఒకటుంది. రెండు చుక్కలు వేస్తే నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. దాన్ని వరసగా నాలుగైదు రోజులకు మించి వాడకూడదు. వాడితే, మందు ప్రభావం దిగగానే లోపలి పొర మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఉబ్బు. మావాడు ఆ సీసా జేబులో లేకుండా గడప దాటేవాడు కాదు. ఇది చదివేవాళ్ళలో ఎవరి దిండు కిందైనా అలాంటి సీసా ఉంటే, డాక్టరు దగ్గర ముందు ఆ మాటే చెప్పండి.

హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో స్కానింగ్ తీసి, చూసిన రోజునే ఆపరేషనుకు తేదీ ఇస్తామన్నారు. వాడికి భయం వేసి ఊరికి ఫోను చేశాడు. ఇక తలొక మాట. ముక్కులో ఎముక పెరిగిందని ఒకరు. (జనం అలా చెప్పుకునేది చాలాసార్లు ఎముకే కాదు, ముక్కు పక్కగోడల మీద ఉండే టర్బినేట్లు అలర్జీకి వాచి అలా కనిపిస్తాయి.) ఆపరేషను చేయిస్తే ముక్కు కూలిపోతుందని ఇంకొకరు. ఈ భయం ఉత్తిదని కొట్టిపారేయలేం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రీర్, కిలియన్ అనే వైద్యులు ప్రచారంలోకి తెచ్చిన పాత పద్ధతిలో దూలంలోని మృదులాస్థిని చాలావరకు తీసేసేవారు. ఆధారం పోయి కొందరికి ముక్కు కుంగేది. ఇప్పుడు చేసే సెప్టోప్లాస్టీలో వంకర ఉన్నంత మేర సరిచేసి, మిగతాదాన్ని వీలైనంత ఉంచేస్తారు. అంతా లోపలి నుంచే. బయట గాటు పడదు.

అందరికన్నా గట్టిగా అడ్డం తిరిగింది మా బావగారు.

"అది పుట్టుకతో వచ్చిన వంకర. మా నాన్న ముక్కూ అంతే, నా ముక్కూ అంతే. దేవుడిచ్చిన ముక్కుని కత్తి పెట్టి కెలకడమేమిటి?" అన్నారు.

తెనాలి దగ్గర పల్లెలో జిల్లాపరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరి, అక్కడే హెడ్మాస్టరై రిటైరైన మనిషి. కాలనీలో ఎవరి పిల్లలు పది తప్పినా వేసవంతా అరుగు మీద కూర్చోబెట్టి ఉచితంగా చెప్పేవారు. కన్నకొడుకు తన క్లాసులోనే ఉంటే పక్షపాతం అంటారని వాణ్ణి మిగతావాళ్ళకన్నా రెండింతలు ఎక్కువ కష్టపెట్టారు. ఆ విషయం ఆయనే గర్వంగా చెప్పేవారు. పెళ్ళిళ్ళలో, రిటైర్మెంటు సభల్లో, రైల్లో పక్కసీటువాళ్ళతో కూడా.

"ఏడో తరగతి. త్రైరాశికం. బోర్డు దగ్గరికి పిలిస్తే నోరు మెదపలేదు. నలభైమంది చూస్తుండగా ఒక్కటంటే ఒక్కటి ఇచ్చాను. బయటికి పోయి మొహం కడుక్కొచ్చి, మాట్లాడకుండా లెక్క చేసి చూపించాడు. ఆ రోజునుంచి లెక్కల్లో వెనక్కి చూసిందే లేదు. పదిలో స్కూలు ఫస్టు. నేనే తెనాలి తీసికెళ్ళి కొత్త సైకిలు కొనిచ్చా. ఇవాళ హైదరాబాదులో ఆ ఉద్యోగం, ఆ ఫ్లాటు అన్నీ ఆ ఒక్క దెబ్బ చలవే."

వింటున్నవాళ్ళు తలూపేవారు. మేనల్లుడు పక్కనే ఉంటే చిన్నగా నవ్వి ఊరుకునేవాడు. నాకు ఆ కథ ఎన్నడూ రుచించలేదు. పిల్లవాడికి లెక్క రాకపోతే చెప్పాలి గాని కొట్టడమేమిటని ఒకసారి అనేశాను కూడా. "నీకు పిల్లల్ని పెంచడం తెలియదోయ్" అన్నారాయన. ఆయన ప్రేమలో లోటు లేదని తెలుసు గనక నేనింక రెట్టించలేదు.

ఆపరేషను సంగతి తేలక నెలలు గడిచాయి. చివరికి నేనే చొరవ తీసుకుని వాణ్ణి గుంటూరులో ఒక పెద్ద ఈఎన్టీ డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాను. వయసు మళ్ళిన మనిషి. స్కానింగ్ కవరు పక్కన పెట్టి, ముందు ఒక స్టీలు బద్ద తీసి ముక్కు కింద పట్టారు. కుడివైపు ఆవిరి మచ్చ వెడల్పుగా పడింది, ఎడమవైపు నామమాత్రం. తరవాత ముక్కులో మందు కొట్టి, కాసేపాగి మళ్ళీ చూశారు. వాపు దిగాక కూడా దారి మూసుకునే ఉంటే అప్పుడు తప్పు దూలానిదట.

"వంకర ఉందని ఆపరేషను చెయ్యను. నీ ఇబ్బంది ఆ వంకర వల్లేనని తేలితే చేస్తాను. ముందు ఆ చుక్కల సీసా ఇక్కడ పెట్టు" అన్నారు.

మూడు నెలలు ముక్కులోకి కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో కడుక్కోవడం. మామూలు ముక్కులో కూడా కొన్ని గంటలు ఒక వైపు, మరికొన్ని గంటలు రెండో వైపు కాస్త బిగుస్తుందని, అందుకు బెంగపడనక్కర్లేదని, ఎప్పుడూ ఒకే వైపు మూసుకుంటేనే ఆలోచించాలని చెప్పారు. ఆయన మాట తీరు చూశాక నాకు ధైర్యం వచ్చింది. రోగికి వ్యవధి ఇచ్చే డాక్టరు దొరకడం అదృష్టం.

గడువు తీరేసరికి కుడివైపు హాయిగా తెరుచుకుంది. తుమ్ములు తగ్గాయి. ఎడమవైపు మాత్రం ఎక్కడిదక్కడే. ఈసారి బావగారు కూడా వస్తానన్నారు. ఆపరేషను వద్దని డాక్టరుకే నచ్చజెబుదామని ఆయన ఉద్దేశం.

డాక్టరు సన్నటి ఎండోస్కోపు లోపలికి పంపి తెరమీద చూపించారు. దూలం సాఫీగా వంగలేదు. ఒకచోట మొనదేలి మడతపడి ఎడమ గోడను తాకుతోంది.

"పుట్టుకతోనేనండీ. మా వంశంలోనే ఉంది" అన్నారు బావగారు.

"కావచ్చు. కాన్పులో ఒత్తిడికి వంగిన దూలాలూ ఉంటాయి. కానీ ఇలా కోసుగా మడతపడితే నాకు పాత దెబ్బేమోనని అనుమానం వస్తుంది." మేనల్లుడివైపు తిరిగారు. "చిన్నప్పుడు ముక్కుమీద దెబ్బేదైనా తగిలిందా బాబూ?"

వాడు వెంటనే చెప్పలేదు. చేతిలో ఉన్న చీటీ మడతపెట్టాడు.

"సైకిలు మీంచి పడ్డాను సార్."

"ఎప్పుడు?"

"ఏడో తరగతిలో."

"నెత్తురు కారిందా?"

"కారింది. బోరింగు దగ్గర కడుక్కున్నాను. రెండు మూడు రోజులు రెండువైపులా గాలి ఆడలేదు. తరవాత కుడివైపు వదిలింది. ఎడమవైపు ఇంతే."

"ఇంట్లో చెప్పలేదా?"

"లేదు సార్."

డాక్టరు నిట్టూర్చారు. ఆయన ఆ తరవాత చెప్పింది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన సంగతి. పసివాళ్ళ ముక్కులో ఎముక తక్కువ, మెత్తటి మృదులాస్థి ఎక్కువ. దెబ్బ తగిలితే పైకి వంకర కనిపించకపోవచ్చు. పిల్లవాడు ఎదిగేకొద్దీ లోపలి మడతా ఎదుగుతుంది. దెబ్బ తగిలాక రెండువైపులా ముక్కు బిగుసుకుపోతే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. దూలం పొరల మధ్య నెత్తురు గడ్డ కడితే మృదులాస్థికి పోషణ ఆగి, కొద్దిరోజుల్లోనే అది చచ్చిపోతుంది. చీము పట్టే ప్రమాదమూ ఉంది. వీడికి అంతదాకా రాలేదు, అంతే.

ఇక ఆపరేషను మాట. పూర్తి మత్తు ఇస్తారు. సుమారు గంట పని. లోపల సిలికాన్ రేకులు పెట్టి వారం పదిరోజుల్లో తీసేస్తారు. రెండు వారాలు బరువులు ఎత్తకూడదు, ముక్కు గట్టిగా చీదకూడదు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షను, అరుదుగా దూలానికి రంధ్రం పడటం, పైపళ్ళ దగ్గర కొన్నాళ్ళు తిమ్మిరి వంటివి ఉండొచ్చు. గురక పోతుందని మాట ఇవ్వలేనని, గాలి ఆడటం మెరుగవుతుందని మాత్రం నమ్ముతున్నానని చెప్పారు. ఆ నమ్మకానికి ఆధారముంది. నెదర్లాండ్స్‌లో 203 మంది మీద జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలోనూ, బ్రిటన్‌లో 378 మంది మీద జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలోనూ, ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళకు ఆపరేషను చేయకుండా చూసుకోవడంకన్నా చేయడమే ఎక్కువ మేలు చేసిందని తేలింది.

నేను బావగారివైపు చూశాను. ఆయన ఇంటిదగ్గర తయారు చేసుకొచ్చిన ప్రశ్నల కాగితం జేబులోంచి తియ్యనే లేదు.

"ఎప్పుడు చేస్తారు డాక్టరుగారూ?" అని మాత్రం అడిగారు.

నాకు ఆశ్చర్యం వేసింది. ఇంతకాలం ససేమిరా అన్న మనిషి ఒక్క మాటకి ఇలా మెత్తబడ్డారేమిటా అనుకున్నాను. బయట కౌంటరు దగ్గర వాడు ఇన్సూరెన్సు కార్డు తీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"కంపెనీ కడుతుంది నాన్నా" అన్నాడు వాడు.

"కట్టనీ. దేనికైనా కట్టనీ. దీనికి నేను కడతాను."

వాడు ఆయన మొహంలోకి చూసి, కార్డు జేబులో పెట్టేసుకున్నాడు.

ఆపరేషను బాగా జరిగింది. మత్తు దిగేదాకా మేం వరండాలో కూర్చున్నాం. మా అక్క ఆ రోజే ఊరినుంచి వచ్చింది. డాక్టరు గదిలో ఏమేం మాట్లాడారో వివరంగా చెప్పమంటే చెబుతూ, సైకిలు ప్రమాదం మాట కూడా ఎత్తాను.

అక్క తెల్లబోయింది. "ఏడో తరగతిలో సైకిలు మీంచి పడ్డాడా? నెత్తురు కారిందా? నాతో ఒక్క ముక్క అనలేదేం వీడు! ఏమండీ, మీకైనా చెప్పాడా?"

బావగారు చేతిలోని బిల్లు కాగితాలు పక్కన పెట్టారు.

"ఏడో తరగతిలో వాడికి సైకిలెక్కడిదే? నేను కొనిచ్చింది పది పాసయ్యాక."