భూమి లోపల వెంచర్

షాద్‌నగర్ చుట్టూ నేల పైన ప్లాట్లు కొట్టడానికి ఇంకేం మిగల్లేదు. ఇక నేల కింద వెంచర్ వేయాల్సిందే. కొనేవాడు దొరికాడు: బొగ్గుపులుసు వాయువు. పొగగొట్టం దగ్గరే పట్టుకుని, ఎనిమిది వందల మీటర్ల లోతుకు నొక్కేస్తే సరి. అక్కడి ఒత్తిడికి అది గ్యాసూ కాక నీళ్లూ కాక చిక్కబడి, రాతి సందుల్లో సర్దుకుంటుందట. వెయ్యేళ్లు కదలదట. గృహప్రవేశం ఖర్చు కూడా లేదు.

దేశంలోని బసాల్ట్ రాళ్లలోనే 97 నుంచి 316 గిగాటన్నుల చోటుందని ఒక అంచనా. మూడింతల తేడా! గజాల లెక్కలో ఇంత సాగదీత మా బ్రోకర్లకు కూడా చేతకాదు. పైగా ఆ నల్లరాయి ఉన్నది వికారాబాద్, జహీరాబాద్ వైపు. షాద్‌నగర్ కింద ఉన్నది గ్రానైట్, పగుళ్లు తప్ప ఖాళీ లేని సరుకు.

వీటన్నిటికన్నా నవ్వొచ్చేది, లోపలికి పంపితే రాయి ఊరుకుంటుంది, నీళ్లు ఊరుకుంటాయి అన్న ధీమా. ఆ మాట మర్రిగూడ, మునుగోడు వెళ్లి చెప్పండి. అక్కడి గ్రానైట్‌లోని ఫ్లోరైడ్‌ను నీళ్లు నెమ్మదిగా కరిగించుకుని తరాల ఎముకలు వంచాయి. నీళ్లలో బైకార్బనేట్ పెరిగి కాల్షియం తగ్గితే ఆ పని ఇంకా జోరుగా సాగుతుంది. ఎవరూ పంపు పెట్టి ఏదీ ఎక్కించకుండానే ఇంత జరిగింది. ఎక్కించిన వాయువైతే నీళ్లలో కలిసి ఆమ్లమవుతుంది, రాతిలోని సున్నాన్ని తింటుంది, లోహాలను వదిలిస్తుంది, ఉన్న ఉప్పునీటిని పక్కకు తోస్తుంది.

ఐస్‌లాండ్‌లో బసాల్ట్‌లోకి ఎక్కించిన వాయువులో 95 శాతం రెండేళ్లలోపే రాయిగా మారింది కదా అంటారు. నిజమే, మంచి పనే. టన్ను గ్యాసుకు పాతిక టన్నుల దాకా నీళ్లు కావాలన్న సంగతి మాత్రం, ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టిన ఆడవాళ్ల ముందు ఎవరైనా చదవండి, చూద్దాం.

ఇదే వాయువును ఎక్కించిన అల్జీరియాలోని ఇన్ సలాహ్‌లో ఎడారి నేల ఉబ్బడాన్ని ఉపగ్రహాలు పట్టేశాయి. 2011లో ఎక్కించడం ఆపారు. అమెరికాలోని డెకేటర్‌లో లీకు సంగతి 2024లో బయటికొచ్చింది. కారింది ఎక్కడో కాదు, లోపల ఏం జరుగుతోందో కనిపెట్టడానికి తవ్విన కాపలా బావిలోనే, గొట్టం తుప్పుపట్టి! కంచే చేను మేసింది. ఐదు వేల అడుగుల కింద కదా, తాగునీటికి ఢోకా లేదని కంపెనీ అభయమిచ్చింది. మన వైపు బోర్లు కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి, ఇంకా దిగుతూనే ఉన్నాయి.