ముల్లు బాబాయిగారు

పాట వినేవాళ్లు కొందరు, పాట పాడే పెట్టెను వినేవాళ్లు కొందరు. రెండో రకం మనిషి పేటకొక్కడే ఉంటాడు. ఇద్దరుంటే పేట తట్టుకోలేదు. బెజవాడ సత్యనారాయణపురంలో మా వంతుకు వచ్చినవారు ముల్లు బాబాయిగారు. కరెంటాఫీసులో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. రికార్డు ప్లేయరుకు ముల్లు మార్చే అర్హత ఈ వీధిలో తనకొక్కరికే ఉందని ఆయన నమ్మకం. మిగతా ఇళ్లలో ప్లేయరే లేదు కాబట్టి కాదనే నాథుడు లేడు.

“ఘంటసాల పాటొకటి పెట్టండి బాబాయిగారూ” అని అడిగి చూడండి. “పెడదాం. ముందు ముల్లు చూద్దాం” అంటారు. వాచీ రిపేరువాళ్లు కంటికి తగిలించుకునే భూతద్దం బయటికొస్తుంది. “78 రికార్డుకు మొన అంగుళంలో వెయ్యో వంతులు మూడుండాలి. ఎల్పీకి ఒకటి కూడా ఉండకూడదు, 0.7 చాలు. ఎల్పీ ముల్లు తీసుకెళ్లి 78 మీద పెట్టావనుకో, గాడి అడుగున మట్టిలో తిరుగుతుంది. 78 ముల్లు ఎల్పీ మీద పెట్టావా, గాడిని దున్నేస్తుంది.” ఇంతలో కాఫీ వస్తుంది. పాట రాదు.

వాళ్ల నాన్నగారి కాలంలో ఇంట్లో హెచ్‌ఎంవీ ఫియస్టా ఉండేది. ఒక చిన్న మీట ఇటు తిప్పితే 78 ముల్లు, అటు తిప్పితే ఎల్పీ ముల్లు. గాడి మీద నాలుగైదు గ్రాముల బరువు మోపి మొరటుగా పాడేది. అయినా పాడేది, ఇంటిల్లిపాదీ వినేవాళ్లు. అంత సుఖం బాబాయిగారికి పడలేదు.

అమెరికా నుంచి వస్తూ కొడుకు ఒక పాత బెల్టు టర్న్‌టేబుల్ మోసుకొచ్చాడు. 230 వోల్టులను 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, భగవద్గీత ఎల్పీ వేశారు. ఘంటసాల గొంతు మూడు మెట్లు దిగిపోయింది. సుశీల రికార్డు వేస్తే మగగొంతుకు దగ్గరపడింది. “బెల్టు సాగింది” అని తేల్చారు బాబాయిగారు. పాత బెల్టు చుట్టూ దారం పెట్టి కొలిచారు. సాగిన బెల్టును కొలిస్తే సాగిన కొలతే వస్తుందని గుర్తొచ్చి, కాస్త తగ్గించి చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి కొత్తది తెప్పించారు. గొంతు లేవలేదు. ఇరుసుకు నూనె పోశారు, పళ్లెం కింద బేరింగు మార్చారు, పైన పరిచే రబ్బరు చాప మార్చారు. ఘంటసాల ఉన్నచోటే ఉన్నాడు.

చివరికి మీటరు రీడింగుకు వచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే అన్నాడు: “సార్, అమెరికాలో 60 సైకిల్స్ కదండీ, మనకి 50.”

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుందే గానీ సైకిల్స్‌ను ముట్టుకోదు. ఆ మోటారు తిరిగేది సైకిల్స్‌ను బట్టే కనుక, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 28 దగ్గర కాళ్లీడుస్తోంది. సర్వీసంతా ఆ 50 హెర్ట్జ్‌కే కాపలా కాసిన మనిషి కుర్రాడి వంక ఒక్క క్షణం చూసి, “నిన్ను పరీక్షిద్దామనే చెప్పలేదు” అన్నారు.

మోటారు పుల్లీ అయిదుకు ఆరు వంతున లావు కావాలి. ఆటోనగర్‌లో లేతు మిషను దగ్గరికి పట్టుకెళ్తే, ఆ పని వచ్చినవాడు బొటనవేలంత ఇత్తడి ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, “ఏ లారీదండీ ఇది?” అన్నాడు. వేగం సరిపోయిందో లేదో చూడటానికి 180 గీతలున్న అట్టబిళ్ల వచ్చింది. 50 సైకిల్స్ దీపం కింద ఆ గీతలు కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఇల్లంతా ఎల్‌ఈడీ బల్బులు వేసినా, ఆ ఒక్క గదిలో చోకున్న ట్యూబులైటు గుయ్యిమంటూనే ఉంటుంది. గీతల కోసం.

ఇల్లలకగానే పండగ కాదు. తర్వాత ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జి. దాన్ని మోసే చేతి బరువుకూ, ముల్లు ఊగే మెత్తదనానికీ పొంతన కుదరాలట. ఆ కూడిక 8, 12 హెర్ట్జ్‌ల మధ్య పడకపోతే కాపురం నిలవదని పంచాంగం తిరగేసినట్టు పట్టికలు తిరగేశారు. ఆడియో టెక్నికా వీఎం95ఈ ఖాయమైంది. జుట్టుపోగులంత నాలుగు తీగలు తగిలించాలి: ఎడమకు తెలుపు, నీలం, కుడికి ఎరుపు, ఆకుపచ్చ. ఆ పూట ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

ముల్లు మీద మోపాల్సిన బరువు రెండు గ్రాములు. ఒకరోజు “వన్‌టౌన్‌లో బంగారం కొట్టుకు వెళ్దాం, తయారవ్వు” అన్నారు. పిన్నిగారు పట్టుచీర కట్టుకుని, గొలుసు మోడలు కూడా మనసులో అనుకుని బయల్దేరారు. కొట్టులో బాబాయిగారు సేటును అడిగింది ఒక్కటే: “మీరు తూచే ఈ చిన్న కాటా ఎక్కడ దొరుకుతుంది?” గ్రాములో నూరో వంతు చూపించే కాటాతో ఇంటికొచ్చారు. పిన్నిగారు వారం రోజులు మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలో మోటారు గురక స్పష్టంగా వినపడిందని బాబాయిగారు మోటారు కింది రబ్బర్లు మార్చారు.

వీఎం95 ఒంటికి ముల్లొక్కటీ లాగేసి మరో రకం ముల్లు గుచ్చుకునే వీలుంది. ఆయనకు ఆ సంగతి తెలియకుండా ఉండాల్సింది. మైక్రోలీనియర్ ముల్లు తెప్పించారు. దాని ధర రశీదులో ఉంది, రశీదు ఎక్కడుందో పిన్నిగారికి తెలియదు. “గజ్జెల మోత ఎలా విడివిడిగా వస్తోందో చూడు” అన్నారు. మనవరాలు “అవును తాతయ్యా” అంది. బాబాయిగారు చెవి స్పీకరుకు ఆనించారు. ఏ గజ్జెలూ రాలేదు. తీగలు మార్చారు, ముల్లు కోణం మార్చారు. గజ్జెలు మనవరాలికే మోగుతున్నాయి.

పిన్నిగారే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. వయసుతో మొదట పోయేవి సన్నటి శబ్దాలేనని, రెండు చెవులకూ మిషన్లు పెడితే మంచిదని డాక్టరు చెప్పాడు. బాబాయిగారి ముఖం వెలిగింది. “రెండూ ఒకే జోడీవేనా? ఎడమకూ కుడికీ తేడా ఎన్ని డెసిబెల్స్? పార్టులు విడిగా దొరుకుతాయా?”

పిన్నిగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “డాక్టరుగారూ, స్క్రూలు లేనివి ఉంటే అవి రాయండి.”