చప్పుడుకి వేరే చార్జీ

నా కంప్యూటర్‌లో ఒక ఎలక్ట్రిక్ పియానో ఉంది. దాని వయసెంత ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. తెర మీద ఓ మీట ఉంటుంది. ఎడమకి లాగితే నిన్ననే అట్టపెట్టె విప్పినట్టు మోగుతుంది. కుడికి లాగుతున్నకొద్దీ శ్రుతి అటూ ఇటూ అవుతుంది, కొన్ని కీలు మొరాయిస్తాయి, కొన్ని అడక్కుండానే అరుస్తాయి. కీ వదిలినప్పుడు వచ్చే టక్కుకి వేరే మీట, పెడల్ కిర్రుకి వేరే మీట, కరెంటు గుయ్యికి ఇంకోటి. ఇవన్నీ డబ్బు పోసి కొన్నాను. అదీ ఊరికే కాదు, పోటీవాళ్ల దాంట్లో పెడల్ కిర్రు అంత సహజంగా లేదని నిర్ధారించుకున్నాకే కార్డు బయటికి తీశాను.

మా ఆవిడకి సంగీతం వచ్చు. చిక్కంతా అక్కడే. నేను వాయించింది విని, "బావుంది గానీ, మధ్యలో ఆ టకటకలేంటి?" అంది. అది అసలు వాయిద్యంలో ఉండే చప్పుడేననీ, దాన్ని ప్రత్యేకంగా మైకు పెట్టి రికార్డు చేశారనీ చెప్పాను.

"మన సీలింగ్ ఫ్యానూ అచ్చం ఇలాగే అనేది. దానికి మాత్రం ఎలక్ట్రీషియన్ని పిలిపించారే?" అంది.

జవాబు లేక కాదు. ఉన్న జవాబు చాలా పొడుగు, ఆవిడేమో పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చింది. అందుకని మీకు చెబుతాను.

ఇదంతా హెరాల్డ్ రోడ్స్ అనే అమెరికా పియానో మాస్టారి దగ్గర మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన ఆసుపత్రిలో మంచం పట్టిన వైమానిక సైనికులకి పియానో నేర్పేవాడు. మంచం మీదికి పియానో ఎక్కదు. అందుకని బి-17 బాంబర్ విమానాల అల్యూమినియం గొట్టాలు కోసి, ఒళ్లో పెట్టుకుని వాయించుకునేంత బుల్లి పియానో తయారుచేశాడు. దానికి 29 స్వరాలు. తర్వాత దానికి కరెంటు పెట్టాడు, ఫెండర్ కంపెనీతో కలిశాడు, 1965లో ఆ కంపెనీని సీబీఎస్ కొనేసింది. ఆ ఏడే 73 కీల ఫెండర్ రోడ్స్ బజారుకెక్కింది. స్పీకర్ల పెట్టెతో సహా వచ్చే ఆ మోడల్‌ని 'సూట్‌కేస్' అన్నారు. దాన్ని మేడ మీదికి ఎక్కించాలంటే మనుషుల్ని పోగు చెయ్యాలి. పేరు పెట్టినాయన ఏనాడూ దానికి ఓ చెయ్యి వేసి ఉండడు.

లోపల తీగలుండవు. కీ నొక్కితే రబ్బరు మూతి సుత్తి లేచి సన్నటి ఉక్కు పుల్లని కొడుతుంది. దాన్ని టైన్ అంటారు. దాని కొసకి ఎదురుగా ఎలక్ట్రిక్ గిటారుకి ఉండేలాంటి పికప్. పుల్ల కొస పికప్‌కి నట్టనడుమ నిలిస్తే అసలు స్వరం పల్చబడి పై స్థాయి వినిపిస్తుంది. కాస్త పైకో కిందికో జరిపితే నిండు నాదం వస్తుంది. మరీ దగ్గరికి తోస్తే, గట్టిగా కొట్టినప్పుడల్లా మొరుగుతుంది. వాయించేవాళ్లు దాన్ని మొరుగుడనే అంటారు, అదీ మెచ్చుకుంటూ. ఇక శ్రుతి చెయ్యాలంటే పుల్లకి తొడిగిన బుల్లి స్ప్రింగుని జరపాలి. కొసవైపు జరిపితే శ్రుతి దిగుతుంది, మొదలువైపు జరిపితే ఎక్కుతుంది. అంతా వెంట్రుకవాసి వ్యవహారం. 73 పుల్లలు, 73 స్ప్రింగులు, 73 పికప్‌లు. సోమవారం ఒకరు బిగించిందీ, శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో ఇంకొకరు బిగించిందీ ఒక్కలా మోగే ప్రశ్నే లేదు.

దీనికి వయసు తోడైతే చెప్పక్కర్లేదు. రబ్బరు మూతికి గాడి పడుతుంది. స్వరాన్ని ఆపాల్సిన ఫెల్టు ముక్క అణిగిపోయి, ఆపీ ఆపనట్టు వదిలేస్తుంది. నడిమి కీల మీదే అందరి చేతులూ పడతాయి కనక అవి ముందు ముసలివవుతాయి. ఈరోజు మేము దాన్ని 'క్యారెక్టర్' అంటున్నాం. అప్పట్లోనైతే మెకానిక్‌కి కబురు పెట్టేవాళ్లు.

రోడ్స్ పోటీదారు వర్లిట్జర్. 1959లో రే చార్ల్స్ 'వాట్‌డ్ ఐ సే' పాటలో మోగింది అదే. పుల్లల చోట దాంట్లో ఉక్కు రీడ్లు, రీడు కొసన సీసపు బొట్టు. బొట్టుని ఆకురాయితో గీకితే శ్రుతి పెరుగుతుంది, ఇంకాస్త కరిగించి అంటిస్తే తగ్గుతుంది. రీడ్ల చుట్టూ ఉన్న లోహపు పలకకి దాదాపు 150 వోల్టులు ఇస్తారు. అసలు స్వరంతోపాటు చుట్టుపక్కలున్న కరెంటు గుయ్యినంతా అది పట్టేసుకుంటుంది. 1970లలో వచ్చిన 200ఎ మోడల్‌లో ఈ గుయ్యిని ఆపడానికే రీడ్ల మీద రేకు అడ్డం పెట్టారు. ఆ ఇంజనీర్లని తలుచుకుంటే జాలేస్తుంది. వాళ్లు నానా తంటాలు పడి ఆపిన గుయ్యిని నేను రాత్రి భోజనమయ్యాక తీరిగ్గా కూర్చుని 40 శాతానికి పెంచుకుంటాను.

1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. ధ్వనంతా లోపల లెక్కలతోనే తయారవుతుంది. శ్రుతి తప్పదు, గుయ్యిమనదు, ఒక్కడే మోసుకుపోవచ్చు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ దశాబ్దం సగమయ్యేసరికి రోడ్స్, వర్లిట్జర్ రెంటి తయారీ ఆగిపోయింది. కొన్నాళ్లు పోయాక, అంతా మరీ శుభ్రంగా ఉందేమిటని జనానికి తోచింది. పాత టకటక మీదికి మనసు పోయింది.

అప్పుడు శాంపిళ్లవాళ్లు రంగంలోకి దిగారు. పాత రోడ్స్ ఒకటి వెతికి తెచ్చి, ఒక్కో కీని మెల్లగా, కాస్త గట్టిగా, ఇంకా గట్టిగా కొట్టి విడివిడిగా రికార్డు చేస్తారు. కీ వదిలిన చప్పుడు మళ్లీ వేరే. ఆ పని చేసే మనిషిని ఊహించుకోండి. ఏసీ ఆపేసి, ఊపిరి బిగబట్టి, వేలు మెల్లగా పైకెత్తి ఓ చిన్న టక్కుని పట్టుకోవాలి. ఇంకే చప్పుడూ పడకూడదు. వీధిలో లారీ హారన్ కొట్టిందా, మళ్లీ మొదటికి. హారన్ కూడా చప్పుడే కదా అంటే ఒప్పుకోరు, అది ఆ కాలంది కాదు.

ఇందులో ఇంకో తిరకాసుంది. ఒకే టక్కు ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు వస్తే చెవి ఇట్టే పసిగట్టేస్తుంది. అందుకని నాలుగైదు రకాలు రికార్డు చేసి వంతులవారీగా మోగిస్తారు. దీనికి రౌండ్ రాబిన్ అని పేరు. అంటే లోపం కూడా డ్యూటీ చార్టు చూసుకుని వస్తుంది. అసలు రోడ్స్‌లో ఏ కీ ఎప్పుడు మొరాయిస్తుందో దాన్ని చేసినవాడికే తెలీదు. నా దాంట్లో ప్రతి నాలుగోసారి.

నేను కొన్న ఈ శాంపిళ్ల లైబ్రరీలో నడిమి ఎఫ్ షార్ప్ ఒకటుంది. పక్క కీలకన్నా ముందుకొచ్చి మొరుగుతుంది. ఏ ఊళ్లో ఏ రిపేరువాడి స్క్రూడ్రైవర్ జారి ఆ పుల్ల పికప్ దగ్గరికి జరిగిందో! ఇప్పుడు ఆ లైబ్రరీ కొన్న ప్రతివాడి పాటలోనూ అదే ఎఫ్ షార్ప్, అదే మొరుగుడు. నగల కొట్టు ప్రకటనలో విన్నాను. ఓ వెబ్ సిరీస్‌లో హీరోయిన్ తండ్రి పోయి కుమిలిపోతుంటే వెనకాల మెల్లగా విన్నాను. పాపం ఆ పిల్ల బాధ నాకు పట్టనే లేదు. "అదుగో, మాదే! మాదే!" అని సోఫాలోంచి లేచాను.

ఆ రాత్రే ఇంట్లో తంబురా ప్రస్తావన తెచ్చాను. గుర్రం మీద తీగ కింద జీవా అనే దారప్పోగు పెట్టి, తీగ ఆనీ ఆననట్టు చేసేది ఆ ఝుంకారం కోసమే కదా, జీవా లేని తంబురా బోడిగా మోగదూ, మరి నా టక్కు ఏం పాపం చేసుకుందని నిలదీశాను.

"ఆ పోగు ఎక్కడ ఆపాలో ప్రతిసారీ చెవితో వెతుక్కోవాలండీ. మీకు మీట ఉందిగా," అని ఆవిడ లైటు ఆపేసింది.

ఎలాగో పాట పూర్తిచేశాను. ఎఫ్ షార్ప్‌ని తప్పించుకుంటూ శ్రుతి కూడా మార్చాను, టక్కులు మాత్రం దండిగా ఉంచాను. మిక్సింగ్‌కి తెలిసిన కుర్రాడికి పంపాను. చురుకైనవాడు, మర్నాడే ఫోన్ చేశాడు.

"అన్నా, కీబోర్డు ట్రాక్‌ల ఏందో టక్ టక్ అని వస్తుండె. ఎనకాల హమ్ గూడ ఉండె. కేబుల్ లూజున్నట్టుంది నీ దగ్గర. అంత క్లీన్ చేసిన, పరేషాన్ గాకు."

బిల్లు వాట్సాప్‌లో అప్పటికే వచ్చేసింది. అందులో 'నాయిస్ రిమూవల్' అని విడిగా ఓ లైను, దాని ఎదురుగా అంకె. ఆ టక్కు ఖరీదెంతో, దాని వంశమేమిటో చెబుదామని నోరు తెరిచాను.

"ఇంకోటన్నా," అన్నాడు. "క్లీన్ చేసినంక మరీ డిజిటల్ లెక్క కొట్టింది. అందుకే పాత క్యాసెట్ హిస్ ఒక లేయరేసిన. దానికి పైసలేం వద్దులే."