ఆంటీ, నెలకెంత మిగులుతుంది?

మొన్న సాయంత్రం గుడివాడలో పునుగుల బండి ముందు ఓ కుర్రాడు మైకు పట్టుకుని నిలబడ్డాడు. ఎడం చేతిలో పునుగులు చల్లారిపోతున్నాయి. డబ్బులింకా ఇవ్వలేదు.

"ఆంటీ, నెలకెంత మిగులుతుంది?"

"ఏం మిగులుద్ది నాయనా, నూనె ధర చూశావా?" అంది ఆవిడ, మూకుడు మీంచి చూపు తిప్పకుండా.

జవాబు కుర్రాడికి రుచించలేదు. "లక్ష ఉంటుందా?" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. ఈపాటికి ఆ నవ్వు థంబ్‌నెయిల్‌కెక్కి, పక్కన ఎర్రక్షరాల్లో "నెలకి లక్షలు!" అని వెలిసే ఉంటుంది.

ఇదేమిటయ్యా అని ఈ యూట్యూబు కుర్రాళ్ళని అడిగితే, "మామూలు మనుషుల్ని స్టార్లని చేస్తున్నామండీ" అంటారు. నిజమే, ఆ వైభోగమేమిటో మా గుడివాడ ఆడపడుచు చూసేశారు. కుమారి ఆంటీ 2011 నుంచి హైదరాబాదులో, మాదాపూర్ ఐటీసీ కోహినూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనాలు అమ్ముతున్నారు. బిల్లు చెబుతూ అన్న "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" అనే ముక్క 2024 జనవరికల్లా ఊరూరా ఊతపదమైంది. తినేవాళ్ళకంటే వీడియోలు తీసేవాళ్ళు ఎక్కువయ్యారు. ట్రాఫిక్ స్తంభించింది. జనవరి 30న పోలీసులు బండి ఆపించారు. ఆగింది బండే, మైకులు కాదు. మర్నాడు తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుంటేగానీ దారి దొరకలేదు. అన్నం, కూర అమ్ముకోవడానికి ముఖ్యమంత్రి జోక్యం కావలసివచ్చిందంటే, స్టారు కాక మరేమిటి! అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ ఇచ్చిన ఇల్లు తప్ప తనకేమీ లేదని ఆవిడ అన్న మాట పట్టుకుని రాజకీయ పార్టీలు జుట్లు పట్టుకోవడం ఆ స్టారుగిరీకి ఎక్స్‌ట్రా లివరు.

ఇప్పుడు మరో కుమారి ఆంటీ కోసం వేట దివిసీమ దాకా దిగింది. పెడన కలంకారీనే తీసుకోండి. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచాలి, ఆరబెట్టాలి, చెక్క అచ్చులతో ఒక్కో రంగూ అద్దాలి, ఉడకబెట్టాలి, పారే నీళ్ళలో జాడించాలి. ఇదంతా రోజుల పని. వీడియోలో మాత్రం అచ్చు చప్పుడు అరనిమిషం, తక్కినదంతా "అంకుల్, కూలెంత పడుద్ది?" బందరులో తొక్కుడు లడ్డూ దంచేవాడికీ అదే ప్రశ్న. హంసలదీవిలో వల బాగుచేసుకునేవాడికీ అదే.

సంపాదన అడగడం తప్పని కాదు. ఎమ్మెల్యే గారిని అడగరేం? చెరువులు పూడ్చి ప్లాట్లు అమ్మే ఆసామిని అడగరేం? అక్కడ అడిగితే మైకు మిగలదు. బండి దగ్గర ఆ భయం లేదు. ఆవిడ చేతిలో చిల్లుల గరిటె ఉంది గానీ, అది తిరగేసే తీరిక లేదు.

అందుకని అమ్మల్లారా, అన్నల్లారా, ఈసారి మైకు మొహం మీదికొస్తే ఎదురు ప్రశ్న వేయండి: "బాబూ, ఈ వీడియోకి నీకెంత వస్తుంది? అందులో నాకెంత?"

వాడు లెక్క కట్టేలోపు పునుగుల డబ్బులు మాత్రం ముందే తీసుకోండి.