క్రెడిట్ కార్డు బాకీని కలకాలం కాపాడుకోవడం ఎలా?

అప్పు తీర్చడం ఎలాగో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. తీరకుండా చూసుకోవడం ఎలాగో అనుభవం మీద చెప్పేవాళ్లే తక్కువ. నాకా అనుభవం నాలుగేళ్లది, రెండు కార్డులది. ఆఫీసులో నా చుట్టూ కూర్చునే ఆరుగురిలో నలుగురు ఇదే విద్యలో ఉన్నారు. ప్రతి నెలా పద్దెనిమిదో తారీఖున అందరం ఫోన్లు తీసి, మెసేజీ చూసి, నిట్టూర్చి, ఛాయ్‌కి లేస్తాం. ఆ ఛాయ్ కూడా కార్డు మీదే. రూపే కార్డును యూపీఐకి కలుపుకోవచ్చని చెప్పాక, పదిహేను రూపాయల ఛాయ్‌ని అరువు మీద తాగే భాగ్యం మా తరానికి దక్కింది.

మొదటి సూత్రం: దాన్ని పొరపాటున కూడా అప్పు అనకండి.

ఆ మాటలో ఏదో నామోషీ ఉంది. కిరాణాకొట్టు ఖాతా రెండు నెలలు నిలిచిపోతే మా నాన్న ఆ వీధిన నడవడం మానేసి, చెరువుగట్టు చుట్టూ తిరిగి ఇంటికొచ్చేవాడు. మూడొందల నలభై రూపాయల బాకీకి అర కిలోమీటరు అదనపు నడక. నాకా తిప్పలు లేవు. నాది అప్పు కాదు, 'బిల్లు'. కరెంటు బిల్లు, పాల బిల్లు, కార్డు బిల్లు. కట్టకుండా మిగిలినదాన్ని బాకీ అనరు, 'అవుట్‌స్టాండింగ్' అంటారు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద ఏ టీచరూ నాకు రాయని మాట అది. ఇంకా ఎంత అప్పు చేయొచ్చో చెప్పే అంకెకి 'లిమిట్' అని పేరు. అది పెంచుతామన్నప్పుడు బ్యాంకువాళ్లు అభినందనలు కూడా చెబుతారు. డిగ్రీ పాసైనప్పుడు నన్నెవరూ అంత మనస్ఫూర్తిగా అభినందించలేదు.

రెండోది, నాకు ప్రాణప్రదమైనది: ఎప్పుడూ మినిమమ్ డ్యూ మాత్రమే కట్టండి.

స్టేట్‌మెంటులో రెండంకెలుంటాయి. ఒకటి చూస్తే గుండె ఆగుతుంది, రెండోది చూస్తే మళ్లీ కొట్టుకుంటుంది. మొత్తం 60,000, మినిమమ్ 3,000. ఆ మూడు వేలు కట్టగానే తెర మీద పచ్చటి టిక్కు పడుతుంది, లేటు ఫీజు ఉండదు, సిబిల్ స్కోరుకి ఆలస్యపు మచ్చ అంటదు. ఆ సాయంత్రం నేను ఇంటికి మిరపకాయ బజ్జీలు కూడా తీసుకెళతాను. ఇంతకీ మూడు వేలూ ఎటు పోయాయి? నా కార్డుకి వడ్డీ నెలకు 3.75 శాతం. అంటే ఉజ్జాయింపుగా 2,250. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 405. కలిపితే 2,655. అసలులో తగ్గింది 345 రూపాయలు. నా బజ్జీలు అందులోంచే.

ఇంకో సొగసుంది. మొత్తం కట్టేవాడికి దాదాపు నలభై అయిదు రోజుల దాకా వడ్డీలేని గడువుంటుంది. మినిమమ్ కట్టేవాడికి ఆ గడువు మాయమైపోతుంది. కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పొద్దున తిన్న పెసరట్టు మధ్యాహ్నానికి అరిగిపోతుంది గానీ, దాని వడ్డీ అరగదు.

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమెకు శాతాలు పట్టవు, వడ్డీ రూపాయల్లోనే తెలుసు. నూటికి నెలకు రూపాయి అయితే ధర్మవడ్డీ. రూపాయిన్నర మామూలే. రెండు రూపాయలంటే గట్టి అవసరం. మూడంటే ఆ ఇంట్లో ఏదో జరగరానిది జరిగినట్టు లెక్క. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నా ఫోను టింగుమంటే అడిగింది.

"ఏమిట్రా అది?"

"కార్డు బిల్లమ్మా."

"వడ్డీ ఎంత?"

"త్రీ పాయింట్ సెవెన్ ఫైవ్."

"మన లెక్కలో చెప్పు."

"మూడు రూపాయల ముప్పావలా."

అరిసె వత్తుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఎవడ్రా వాడు?" అంది.

రామాలయం వెనక షావుకారుకి మా ఊళ్లో జలగ అని పేరు. ఆయన తీసుకున్నది మూడు రూపాయలే. ఆయన దగ్గర ప్రామిసరీ నోటు మీద సంతకం చేస్తున్నప్పుడు మా నాన్న చెయ్యి వణకడం నేను చూశాను. నాకు కార్డిచ్చిన కుర్రాడు షాపింగ్ మాల్‌లో ఎస్కలేటర్ పక్కన టేబులు వేసుకుని, సార్ అని పిలిచి, సంతకం పెట్టించుకుని, ట్రాలీ బ్యాగు చేతికిచ్చాడు. వణకడానికి సందివ్వలేదు.

అమ్మ ఒక్కతే కాదు, 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా ఇలాగే ఉలిక్కిపడి, ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమంది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మూడు ముప్పావలాని పన్నెండు నెలలకి కడితే 45 శాతం. అమ్మ ఆ లెక్క నోటితోనే వేసి, చేతి గాజులు తీసి పీట మీద పెట్టింది. బ్యాంకులో పెట్టి డబ్బు తెచ్చుకుంటే వడ్డీ రూపాయి లోపే పడుతుంది కదా అంది. నేను ససేమిరా అన్నాను. కన్నతల్లి గాజులు తాకట్టు పెట్టడమా! అది అప్పు కదా.

మూడోది: స్టేట్‌మెంటు తెరవకండి. దాని పాస్‌వర్డు మీ పేరులో మొదటి నాలుగక్షరాలు, మీ పుట్టినతేదీ. మర్చిపోయామని చెప్పుకోవడం కష్టమే, అయినా ప్రయత్నించండి.

నాలుగోది: ఆటో డెబిట్ పెట్టకండి. పెడితే ఈ విద్యంతా ఒక్క నెలలో మర్చిపోతారు.

గడువు తేదీని కూడా గౌరవించకూడదు. 2022లో రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలి, సిబిల్‌కి చెప్పాలి. మరిచిపోయినవాడి కోసం పెట్టిన ఆ మూడు రోజుల్ని మనం అసలు గడువుగా మార్చుకున్నాం. మూడో రోజు రాత్రి పదకొండున్నరకి సర్వర్ బిజీ అని వస్తుంది. నాలుగో రోజు ఆలస్యాన్ని మొదటి గడువు తేదీ నుంచే లెక్కేస్తారు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు.

ఇక కార్డు లాభాల సంగతి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు లౌంజ్‌లో కార్డు గీకితే రెండు రూపాయలు తీసుకుని లోపలికి పంపారు. ఇడ్లీ, ఉప్మా, పుచ్చకాయ ముక్కలు, కాఫీ. రెండు రూపాయలకి! నా వెనకాయన ప్లేటులో ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి గోపురం కట్టాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం, బ్యాంకుని దోచేసినట్టు. కార్డు వార్షిక రుసుము, ఆ ఏడాది కట్టిన వడ్డీ కలిపి లెక్క వేస్తే ఆ ఇడ్లీ నాకు ఎంత పడిందో ఇప్పటికీ మా ఆవిడకి చెప్పలేదు. ఆమె అనుకుంటున్నది కార్డు వల్ల మాకు చాలా కలిసొస్తోందని.

ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి నగదు తీయడం పీహెచ్‌డీ స్థాయి. మొదటి రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. కొత్తవాళ్లు దిగకండి.

కాస్త ముదిరాక 'రొటేషన్' నేర్చుకోవాలి. సెల్‌ఫోన్ల షాపులో కూర్చున్న తమ్ముడు ఏమీ అమ్మకుండానే మీ రెండో కార్డు గీకి, నూటికి రెండు రూపాయలు పట్టుకుని మిగతాది చేతికిస్తాడు. దాంతో మొదటి కార్డు కడతారు. వచ్చే నెల మొదటిది గీకి రెండోది. ఇది కార్డు షరతులకి విరుద్ధమని ఆ తమ్ముడికీ తెలుసు, మనకీ తెలుసు, అందుకే గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. నేనిలా ఏడు నెలలు తిప్పాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పటిదాకా సామెతగానే తెలుసు. బాకీ పైసా తగ్గలేదు, ఆ తమ్ముడు మాత్రం షాపుకి ఏసీ పెట్టించాడు.

సెటిల్‌మెంట్ చేసుకోండి, సగం కడితే చాలు అంటారు. నిజమే. ఆ తర్వాత సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. తెలుగులో స్థిరపడ్డాడు అన్నట్టుంటుంది. ఇంటి లోను అడిగిన రోజు మేనేజరు దానికి వేరే అర్థం చెబుతాడు.

ఇక ఫోన్లు. రికవరీవాళ్ల నంబర్లు సేవ్ చేసుకోండి. నా ఫోనులో 'ఎత్తొద్దు' ఒకటి నుంచి పద్నాలుగు దాకా ఉన్నాయి. వాళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక బాకీ కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. నా దినచర్యంతా ఆ పదకొండు గంటల చుట్టూ అల్లుకుంది.

పదిహేనో నంబరు ఒకటి వచ్చింది మొన్న ఆదివారం. మావాడు ఎత్తాడు. వాడికి ఎనిమిదేళ్లు. నేను సోఫాలో పక్కనే ఉన్నాను, చేతిలో పేపరు. తడుముకోకుండా, "నాన్న స్నానం చేస్తున్నారంకుల్" అన్నాడు. నేను నేర్పలేదు. వాడి వయసులో మా గుమ్మంలో నిలబడి, కిరాణాకొట్టాయనతో "నాన్న ఊళ్లో లేడండీ" అన్నది నేను. ఆయన నా మొహం చూడలేదు, గుమ్మం పక్కనున్న నాన్న చెప్పుల జత వైపు చూశాడు. "సరే బాబూ, వచ్చాక చెప్పు" అని వెళ్లిపోయాడు. లోపల నాన్న చాలాసేపు బయటికి రాలేదు.

ఫోను అవతలి ఆయనకి చెప్పులు కనపడవు. ఓపిగ్గా ఇంకేదో అడిగాడు. మావాడు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగాడు.

"నాన్నా, మీ స్నానం ఎప్పటికవుతుందని అడుగుతున్నారు."

గడియారం చూశాను. నాలుగున్నర.

"ఏడు దాటాక అని చెప్పు."