దున్నపోతుకు వినతిపత్రం

ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లకు ఆయన్ను పరిచయం చెయ్యక్కర్లేదు. ఊరంతా ‘ఐడియా అన్న’ అంటుంది. పోరాటమున్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి అన్న ఒకడుంటాడు. పసుపు ధర పడిపోయిందని రైతులు తలలు పట్టుకుంటే ఆయన అడిగే మొదటి మాట: ‘‘దున్నపోతు దొరుకుతదా?’’

దున్నపోతుకు వినతిపత్రం, గాడిద మెడలో దండ, రోడ్డు గుంతల్లో వరినాట్లు, సగం గుండు... ఏదైనా ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. కెమెరా రాకముందు మొదలుపెట్టొద్దన్నది ఏకైక నియమం. ఒకసారి విలేకరి ఆలస్యమయ్యాడు. దున్నపోతు ఆగలేదు, క్వింటాలుకు 15,000 ఇమ్మన్న కాగితాన్ని నమిలేసింది. అన్న తొణకలేదు. తెల్లకాగితం దాని మూతి ముందు పెట్టి ఫొటో దిగాడు. మర్నాడు పేపర్లో దున్నపోతు ముఖం బాగా వచ్చింది. ధర ఊసు లేదు.

ఆయన ఆరాధ్యదైవం చిత్తూరు మాజీ ఎంపీ నారమల్లి శివప్రసాద్. వృత్తికి డాక్టరు, సినిమా నటుడు కూడా. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం 2018లో పార్లమెంటుకు ఒకనాడు నారదుడిగా, మరొకనాడు హిట్లర్‌గా వచ్చారు. దేశమంతా చూసింది, నవ్వింది. హోదా రాలేదు, 2019లో ఆయన సీటూ దక్కలేదు.

‘‘మరి ఏం లాభమన్నా?’’ అంటే, ‘‘నువ్వు ఇంకా యాదుంచుకున్నవ్ గదా!’’ అంటాడు.

2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఆర్మూర్‌లో హైవే మీద కూర్చున్నారు. తర్వాత నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి మూకుమ్మడిగా నామినేషన్లు వేద్దామనుకున్నారు. అన్న పెదవి విరిచాడు. ‘‘లైన్ల నిలబడి ఫారం నింపుడు గూడ పోరాటమేనా? ఇండ్ల ఫొటో ఏడున్నది?’’

ఆ ఐడియా నిజానికి పాతదే. ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి 1996లో నల్లగొండలో వందల మంది నిలిచారు, బరిలో మొత్తం 480 మంది. ఢిల్లీ విన్నది, తనదైన పద్ధతిలో: ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కు ఎగబాకింది. తర్వాత 25,000 అయింది. నల్లగొండ వాళ్ల నిరసనకు బిల్లు ఆర్మూర్ రైతుల చేతికొచ్చిందన్నమాట.

అయినా కట్టారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. ఒక్కో యంత్రంలో 16 మీటలే పడతాయి కాబట్టి పోలింగ్ కేంద్రానికి 12 యంత్రాలు వరుసగా పెట్టాల్సి వచ్చింది. ఇంతమంది ఎందుకని అడిగిన ప్రతివాడికీ పసుపు బోర్డు సంగతి చెప్పక తప్పలేదు. దున్నపోతు దగ్గర ఆ సౌకర్యం లేదు. అక్కడ అడిగేవాడు దున్నపోతు గురించే అడుగుతాడు. రైతులందరి డిపాజిట్లూ పోయాయి, కానీ సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. 70 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచిన ధర్మపురి అర్వింద్, బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చినవారు. ఆ రోజు నుంచి నామినేషన్ల ఐడియా తనదేనని అన్న చెప్పుకుంటున్నాడు.

బాండ్ పేపరు కూడా స్టంటే గదా అని ఊరికి తట్టడానికి కొంతకాలం పట్టింది. 2023 మార్చి ఆఖర్లో నిజామాబాద్ వీధుల్లో పసుపు రంగు బోర్డులు వెలిశాయి, ఇదే మా ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు అంటూ. ఆ రోజు అన్న అసూయతో అన్నం ముట్టలేదు. అదే ఏడాది అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డు ప్రకటించారు. బోర్డు వచ్చేదాకా చెప్పులు తొడగనని 2011లో ఒట్టు పెట్టుకున్న జిల్లా రైతు ఒకరు అప్పుడు చెప్పులేసుకున్నారు. పన్నెండేళ్లు కెమెరా లేకుండానే నడిచిన ఆ కాళ్ల గురించి మాత్రం అన్న ఏమీ అనడు.

2025 సంక్రాంతికి బోర్డు మొదలైంది. పసుపుకు మద్దతు ధర మాత్రం రాలేదు. అన్న దగ్గర మందు సిద్ధంగా ఉంది.

‘‘బోర్డుకు బర్త్‌డే జేద్దాం. పసుపు రంగు కేకు, అంకాపూర్ నాటుకోడి.’’

‘‘రేటు ముచ్చట ఏడొస్తదన్నా?’’

‘‘కేకు మీద రాపిద్దాం.’’